ఏడో నెల టిక్కెట్టు ఎవరి చేతిలో ఉంది?

కోనసీమలో తొలి చూలు ఆడపిల్లను ఏడో నెలలో పుట్టింటికి తీసుకెళ్ళడం ఆచారం. తల్లి చలిమిడి పట్టుకుని వస్తుంది, పసుపు కుంకుమ పెట్టి కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్తుంది. ఈ ఆచారంలో మనం ప్రశ్నించాల్సినవి చాలా ఉన్నాయి. పురుటి ఖర్చంతా పుట్టింటి మీద వేయడం ఒకటి. మొదటి కాన్పు తర్వాత వచ్చే కాన్పులకు ఆమెను పట్టించుకునే నాథుడు లేకపోవడం ఇంకొకటి. అయినా దాని అడుగున మన అమ్మమ్మల అనుభవం ఒకటి దాగి ఉంది. ఒళ్ళు బరువెక్కకముందే, దారిలో ప్రాణం మీదికి రాకముందే, తనను చూసుకునే మనుషుల మధ్యకు ఆ పిల్ల చేరిపోవాలి. ఏరు దాటకూడదు అని శాస్త్రం చెప్పే పెద్దలు కూడా ఈ గడ్డ మీద ఆ మాట పట్టుకు కూర్చోలేదు. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య బతికే మనకు ఏరు దాటకుండా ఎక్కడికీ వెళ్ళడం కుదరదు కదా!

విమాన కంపెనీలు కూడా ఇంచుమించు ఇదే లెక్క పెట్టుకున్నాయి. చాలా కంపెనీలు 28 వారాలు నిండేదాకా గర్భిణిని పెద్దగా ప్రశ్నలు అడగవు. 28 వారాలంటే ఏడో నెల. అది దాటితే ప్రయాణం చేయవచ్చని డాక్టరు రాసిచ్చిన కాగితం కావాలంటాయి. కడుపులో ఒక్క బిడ్డ ఉంటే 36 వారాలు, కవలలైతే 32 వారాలు దాటాక సాధారణంగా ఎక్కనివ్వవు. కంపెనీని బట్టి ఒకటి రెండు వారాల తేడా ఉంటుంది, కాగితం ఎన్ని రోజుల లోపుది కావాలనే నిబంధన కూడా మారుతుంది.

అమ్మమ్మల లెక్కా, విమానం కంపెనీ లెక్కా కలిశాయి. మరి కువైట్‌లో, మస్కట్‌లో, దుబాయిలో, దోహాలో ఇంటిపనికి కుదిరిన మన రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, అమలాపురం, ముమ్మిడివరం స్త్రీలు నెల తప్పితే, ఏడో నెలలోపు వాళ్ళను ఇంటికి చేర్చే తల్లి ఎవరు? పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉంది? టిక్కెట్టు ఎవరు కొంటారు? తేదీ ఎవరు వేస్తారు? ఈ వ్యాసం ఈ ప్రశ్నల గురించే.

సలహాలు ఎవరికి?

పత్రికల్లో స్త్రీల పేజీలు తిరగేయండి. ఎప్పుడో ఒకప్పుడు "గర్భిణులు - విమాన ప్రయాణం" అని ఓ పెట్టె కట్టిన వార్త కనబడుతుంది. నడవా పక్క సీటు తీసుకోండి, నీళ్ళు బాగా తాగండి, గంటకోసారి లేచి నడవండి, వదులు బట్టలు వేసుకోండి, బయల్దేరే ముందు మీ డాక్టర్ను సంప్రదించండి. పక్కన చిరునవ్వుతో, పొట్ట మీద చెయ్యి వేసుకుని, చక్రాల పెట్టె లాక్కుంటూ వెళ్తున్న ఒక స్త్రీ బొమ్మ.

ఈ సలహాల్లో తప్పేమీ లేదు. మన సంఘాల్లో ప్రతి కార్యకర్తకూ ఇవి తెలిసి ఉండాలి. అందుకే ముందు వాటినే చెప్పుకుందాం.

ఏ ఇబ్బందీ లేని గర్భానికి విమాన ప్రయాణం వల్ల హాని లేదు. ఎప్పుడో ఒకసారి విమానం ఎక్కినంత మాత్రాన గర్భం పోతుందన్నది వట్టి భయం. విమానాశ్రయంలో లోహాలను పసిగట్టే ద్వారం గుండా నడిచినా బిడ్డకు ఏమీ కాదు. 36 వారాల తర్వాత ఎక్కించుకోకపోవడానికి ముఖ్య కారణం, ఆకాశంలో నొప్పులొస్తే అక్కడ ఆసుపత్రి ఉండదు కాబట్టి.

విమానం లోపల గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టుంటుంది. ఆరోగ్యంగా ఉన్న తల్లి దీన్ని తట్టుకుంటుంది. రక్తం బాగా తక్కువగా ఉన్న తల్లికి ఆయాసం, తల తిరగడం రావచ్చు. మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కాబట్టి ఇది మనకు చిన్న విషయం కాదు.

కడుపుతో ఉన్నప్పుడు రక్తానికి గడ్డకట్టే గుణం సహజంగానే పెరుగుతుంది. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాలి సిరల్లో గడ్డ కట్టే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం పోవచ్చు. లేచి నడవమనేదీ, పాదాలు ఆడిస్తూ ఉండమనేదీ, విమానంలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్ళు తాగమనేదీ అందుకే. కొందరికి కాళ్ళకు బిగుతుగా పట్టే మేజోళ్ళు డాక్టర్లు రాస్తారు. సీటు బెల్టు పొట్ట మీద కాకుండా, పొట్ట కింద, తొడల పైభాగాన ఉండాలి. రక్తస్రావం, అధిక రక్తపోటు, మాయ కిందికి ఉండటం, నెలలు నిండక ముందే నొప్పులు వచ్చిన చరిత్ర ఉంటే డాక్టరు చూడకుండా ఎక్కకూడదు. మొదటి నెలల్లో కడుపునొప్పి, రక్తం కనబడితే గర్భం గర్భసంచిలోనే ఉందో లేదో తేల్చుకున్నాకే ప్రయాణం.

దిగాక కూడా కొన్ని వారాలు జాగ్రత్తగా చూసుకోవాలి. ఒక కాలే వాచి నొప్పి పుడితే, ఊపిరి ఆడకపోతే, ఛాతీలో పోటు వస్తే అది ప్రయాణం బడలిక కాదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇవీ సలహాలు. ఇప్పుడు ఇందులో ఒక్కొక్క వాక్యం మళ్ళీ చదవండి. డాక్టర్ను సంప్రదించమంటున్నారు. ఏ డాక్టర్ను, ఎవరి అనుమతితో బయటికి వెళ్ళి? సీటు ఎంచుకోమంటున్నారు. టిక్కెట్టు తన చేతికి విమానాశ్రయం గుమ్మంలో అందే మనిషా సీటు ఎంచుకునేది? అనువైన నెలలో ప్రయాణం పెట్టుకోమంటున్నారు. ఆ నెల ఏదో నిర్ణయించే హక్కు ఆమెకుందా?

నీళ్ళు తాగని ప్రయాణం

ఊరూ పేరూ రాయను. రాజోలు దగ్గర ఒక లంక ఊరామె. ఇద్దరు పిల్లల్ని అత్తగారి దగ్గర వదిలి గల్ఫ్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరింది. భర్త కూడా అదే నగరంలో ఇంకో ఇంట్లో డ్రైవరు. శుక్రవారాలు కలుసుకునేవాళ్ళు. నెల తప్పింది. మూడో నెలలో యజమానురాలికి చెప్పింది. "రంజాన్ వెళ్ళనీ, పంపిస్తాను" అన్నారు. రంజాన్ నెలంటే ఖద్దామాకు రాత్రీ పగలూ తేడా ఉండదని అక్కడ పని చేసొచ్చిన ఎవర్ని అడిగినా చెబుతారు. రంజాన్ వెళ్ళింది, పండగ వెళ్ళింది. "కొత్త మనిషి రానీ" అన్నారు. కొత్త మనిషి వచ్చేసరికి ఎనిమిదో నెల దాటింది.

విమానాశ్రయంలో డాక్టరు కాగితం అడిగారు. ఆ కాగితం కోసం క్లినిక్‌కు వెళ్తే పెళ్ళి కాగితం అడిగారు. ఊళ్ళో నాలుగొందల మంది భోజనం చేసిన పెళ్ళి ఆమెది, కానీ కాగితం లేదు. పెళ్ళిళ్ళు తప్పనిసరిగా నమోదు చేయాలని మన రాష్ట్రంలో 2002లోనే చట్టం చేశారు. ఆ చట్టం వచ్చాక కూడా మన ఊళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళ దగ్గర ఆ కాగితం ఉందో మన సంఘాల్లో లెక్క తీస్తే మనకే సిగ్గేస్తుంది. మొదటి టిక్కెట్టు డబ్బు పోయింది. రెండో టిక్కెట్టు భర్త అప్పు చేసి కొన్నాడు. ఈసారి తోటి ఆడవాళ్ళు ఆమెకు వదులైన నల్లటి బురఖా తొడిగారు, చేతిలో పెద్ద సంచి పెట్టి ముందుకు పట్టుకోమన్నారు. అలా ఎక్కింది.

దాదాపు అయిదు గంటలు విమానం. కిటికీ పక్క సీటు. ఆమె లేవలేదు, నీళ్ళు ముట్టలేదు. "నీళ్ళు తాగితే లెగవాలి కదక్కా. లెగిస్తే కనపడిపోద్ది. దింపేత్తారేమో అని బయ్యం" అంది నాతో. గాల్లో ఎగిరిన విమానం లోంచి ఎవరూ దింపరని నేను చెప్పబోయి ఊరుకున్నాను. ఎనిమిది నెలలుగా ప్రతి గుమ్మంలోనూ దింపేసిన మనిషికి ఆ మాట ఏం చెబుతాం?

హైదరాబాదులో దిగి ఆ రాత్రే బస్సెక్కింది. తెల్లారేదాకా మళ్ళీ కూర్చునే ఉంది. ఇల్లు చేరేసరికి ఎడమ కాలు వాచింది. నిండు నెలల మనిషికి కాళ్ళు వాస్తాయిలే అన్నారు ఇంట్లో వాళ్ళు. నాలుగో రోజు ఊపిరందక ఆసుపత్రికి తీసుకెళ్తే రక్తం గడ్డ కట్టిందన్నారు. తల్లీ బిడ్డా బతికారు. బతికారు కాబట్టి ఇది ఎక్కడా వార్త కాలేదు. ఆ అప్పు మాత్రం ఇంకా తీరలేదు.

ఆ సలహాల పెట్టెలో ఉన్నదంతా ఆమె తప్పింది. నీళ్ళు తాగలేదు, నడవలేదు, గర్భం దాచింది, డాక్టరు కాగితం లేకుండా ఎక్కింది. ఆమె అజ్ఞానమే దీనికి కారణమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆమెకు మూడో నెలలోనే తెలుసు తను ఇంటికి వెళ్ళాలని. ఆమెకు లేనిది తెలివి కాదు, పాస్‌పోర్టు.

'అన్‌ఫిట్'

గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళాలంటే ముందు ఇక్కడ మెడికల్ చేయించుకోవాలి. ఛాతీ ఎక్స్‌రే, రక్త పరీక్షలు, ఆడవాళ్ళకైతే గర్భ పరీక్ష. ఆ దేశాల ఉమ్మడి వైద్య నిబంధనల్లో పనికిరాని వాళ్ళ జాబితా ఒకటుంది. క్షయ, హెచ్.ఐ.వి., కామెర్ల వైరస్‌లతో పాటు గర్భం కూడా అందులో ఉంది. అంటే గర్భం ఒక రోగం. అది ఉన్న మనిషి 'అన్‌ఫిట్'. పరీక్ష నాటికి తెలియకుండా ఉండి, వెళ్ళాక బయటపడిన గర్భమైతే అది మోసం కింద లెక్క.

కువైట్‌లో 2010 నాటి కార్మిక చట్టం పనిచేసే స్త్రీకి జీతంతో 70 రోజుల ప్రసూతి సెలవు ఇస్తుంది. కానీ ఇళ్ళలో పనిచేసే వాళ్ళకు ఆ చట్టం వర్తించదు. వాళ్ళ కోసం 2015లో వేరే చట్టం చేశారు. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని అందులో ఉంది. మన ఊరికి తిరిగొచ్చిన వాళ్ళను అడగండి, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండేదో. చట్టం ఒక గదిలో, పాస్‌పోర్టు ఇంకో గదిలో.

పెళ్ళి బయట కలిగిన గర్భాన్ని నేరానికి సాక్ష్యంగా చూసే చట్టాలు ఆ ప్రాంతంలో ఉన్నాయి. యు.ఎ.ఇ. 2020 నుంచి కొంత సడలించింది, మిగతా చోట్ల ఆ భయం అలాగే ఉంది. ఇంటి యజమానో, అతని కొడుకో బలాత్కారం చేస్తే కూడా కడుపు ఆమెదే, జైలూ ఆమెకే. అలాంటి స్త్రీ ఆసుపత్రి గడప తొక్కదు. ఎవరో తెచ్చిచ్చిన మాత్రలు మింగి, రక్తం పోతూ విమానం ఎక్కుతుంది. ఇక్కడికి వేళకు చేరితే ఆమెకు చట్టం ఉంది. మన దేశంలో గర్భవిచ్ఛిత్తి చట్టం 20 వారాల దాకా అనుమతిస్తుంది. 2021 సవరణ తర్వాత అత్యాచారానికి గురైన వాళ్ళలాంటి కొందరికి 24 వారాల దాకా గడువుంది. 20, 24, 28, 36. ఆడదాని బతుకులో ఈ అంకెలన్నీ వారాల లెక్క. ఆ వారాలు గడిచిపోయేదాకా ఆమెను వంటింట్లో ఆపి ఉంచే అధికారం మాత్రం యజమానిది.

మన ప్రభుత్వం ఏం చేసింది?

ఆడవాళ్ళను రక్షించడమంటే ఆపడమే అని మన ప్రభుత్వాలకు గట్టి నమ్మకం. పదో తరగతి చదవని స్త్రీకి 30 ఏళ్ళు నిండితే గానీ గల్ఫ్‌కు పనికి వెళ్ళే అనుమతి లేదు. 2016 నుంచి అలాంటి స్త్రీలను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నారు. మన రాష్ట్రానికి అది ఓంక్యాప్. కాగితం మీద మంచి మాటలే. కానీ కొబ్బరి పీచు పనిలో, రొయ్యల షెడ్డులో, పొలం కూలిలో పిల్లల ఫీజు కట్టలేని 25 ఏళ్ళ దళిత స్త్రీ, బీసీ స్త్రీ 30 ఏళ్ళు నిండేదాకా ఆగుతుందా? ఏజెంటు విజిట్ వీసా తెస్తాడు. ఆమె వెళ్తుంది. రక్షించడానికి పెట్టిన నిబంధన ఆమెను లెక్కలోంచి తీసేస్తుంది, అంతే.

లెక్కలో లేకపోతే ఏమవుతుందో చూడండి. ప్రవాసీ భారతీయ బీమా యోజన అని ఒకటుంది. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375, పైన పన్ను. అందులో స్త్రీలకు ప్రసూతి ఖర్చుల కింద మామూలు కాన్పుకు 35 వేలు, ఆపరేషన్‌కు 50 వేల దాకా వస్తుంది. విదేశంలో కాన్పు అయితే ఆ కాగితాలను మన రాయబార కార్యాలయం ధృవీకరించాలి. విజిట్ వీసా మీద వెళ్ళిన స్త్రీకి ఈ బీమా లేదు. బీమా ఉన్న స్త్రీకి అందులో ప్రసూతి ఉందని చెప్పిన వాళ్ళు లేరు. మీ మండలంలో గల్ఫ్ నుంచి వచ్చిన పదిమందిని అడిగి చూడండి.

కష్టంలో చిక్కుకున్న వాళ్ళకు టిక్కెట్టు కొనిపెట్టడానికి రాయబార కార్యాలయాల దగ్గర 2009 నుంచి ఒక సంక్షేమ నిధి ఉంది. ఆ డబ్బు ప్రభుత్వం దయతో ఇచ్చేది కాదు, పాస్‌పోర్టుకూ వీసాకూ జనం కట్టే రుసుముల్లోంచి పోగయ్యేది. ఆ నిధి నుంచి గర్భిణికి 28 వారాల లోపు టిక్కెట్టు ఇవ్వాలన్న గడువు నిబంధన ఎందుకు పెట్టకూడదు?

తలుచుకుంటే చేయగలరని మనకు తెలుసు. 2020లో కరోనా వల్ల విమానాలు ఆగిపోయినప్పుడు, దుబాయిలో ఉన్న ఒక కేరళ గర్భిణి తనను ఇంటికి పంపమని సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ మే 7న కేంద్రం వందే భారత్ విమానాలు మొదలుపెట్టింది. ముందుగా ఎవరిని తేవాలన్న జాబితాలో గర్భిణులను చేర్చింది. టిక్కెట్టు డబ్బు మాత్రం ప్రయాణికులే కట్టుకోవాలంది. ఆ మొదటి రోజు విమానంలోనే ఆమె కోళికోడ్ చేరింది. ఆ స్త్రీ గెలుపు మనందరిదీ. కానీ అకామా గడువు తీరిపోయి, ఇల్లు వదిలి బయటపడి, కల్లివల్లిగా బతుకుతున్న ఖద్దామా ఏ కోర్టుకు వెళ్తుంది? 2018, 2020, 2024లలో కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఔట్‌పాస్ కోసం వరసలో నిలబడిన స్త్రీలలో కడుపుతో ఉన్న వాళ్ళకు క్షమాభిక్ష దాకా ఆగే వ్యవధి ఉంటుందా? కడుపు ఏ ప్రభుత్వ ప్రకటన కోసమూ ఆగదు.

రెక్కల కింద ఎవరు?

విమానానికీ గర్భానికీ ఉన్న తగువు పాతది. ఎయిరిండియాలో ఎయిర్ హోస్టెస్ మొదటిసారి గర్భవతి కాగానే ఉద్యోగం ఊడిపోవాలన్న నిబంధన ఉండేది. నర్గీస్ మీర్జా కేసులో 1981లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, భారత స్త్రీత్వానికే అది అవమానమంది. చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకోకూడదన్న నిబంధనను మాత్రం అదే తీర్పు నిలబెట్టింది. సగం గెలుపే అయినా ఆ స్త్రీలు సంఘటితులై పోరాడి సాధించుకున్నారు. అదే విమానంలో వెనక వరసల్లో కూర్చుని ఇంటిపనికి వెళ్ళే స్త్రీకి, గర్భం వస్తే పని పోతుందన్న నిబంధన ఇప్పటికీ ఉంది. దాన్ని కొట్టేయడానికి కోర్టు లేదు, సంఘం లేదు.

2020 అక్టోబరు 2న దోహా విమానాశ్రయంలో మరుగుదొడ్డి చెత్తబుట్టలో అప్పుడే పుట్టిన పసిపాప దొరికింది. పాప బతికింది. తల్లిని పట్టుకోవాలని పది విమానాల స్త్రీలను ఆపి, కొందరిని బలవంతంగా శారీరక పరీక్ష చేశారు. ఆస్ట్రేలియా స్త్రీలు ఎదురు తిరిగారు, ప్రపంచమంతా ఖండించింది. ఖండించాల్సిందే. ఆ తల్లి ఒక ఆసియా దేశస్థురాలనీ, దేశం విడిచి వెళ్ళిందనీ, హత్యాయత్నం కేసు పెట్టామనీ ఆ తర్వాత అక్కడి అధికారులు చెప్పారు. అంతటితో వార్త ముగిసింది. విమానాశ్రయం మరుగుదొడ్డిలో ఒంటరిగా, చప్పుడు చేయకుండా ప్రసవించి, తర్వాత విమానం ఎక్కాల్సిన స్థితి ఒక స్త్రీకి ఎందుకొచ్చిందని అడిగిన గొంతులు చాలా తక్కువ. మనం అడగాలి. ఆ ప్రశ్న మన ఊళ్ళకు దగ్గరది కాబట్టి.

మన గుమ్మంలో

ఇప్పుడు మన మాట. ఊళ్ళో "దేశం వెళ్ళి కడుపు చేయించుకొచ్చింది" అనే నోళ్ళను తిట్టడం తేలిక. మన సంఘం ఆఫీసులోకి అలాంటి స్త్రీ వస్తే మనం అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? చాలాసార్లు "తండ్రెవరు?" అనే. నేనూ అడిగాను. కేసు రాసుకోవడానికి అని సమర్థించుకున్నాను. "ఎన్ని వారాలు? రక్తం ఎంతుంది? కాలు నొప్పి ఉందా? ఏమన్నా తిన్నావా?" అని అడగాల్సింది. ఆ కిటికీ పక్క సీటులో ఆమెను కదలకుండా కూర్చోబెట్టిన భయంలో మన ప్రశ్న వాటా కూడా ఉంది. గుమ్మం ఇక్కడ తెరిచి ఉందని తెలిస్తేనే కదా, అక్కడ నిజం చెప్పుకునే ధైర్యం వచ్చేది!

విమానం దిగడంతో ప్రయాణం అయిపోదు. అమలాపురానికి రైలు లేదు. విమానం గన్నవరంలో దిగిందంటే మన పి.గన్నవరం అనుకునేరు, విజయవాడ పక్క గన్నవరం. అక్కడి నుంచి బస్సు, ఆటో. లంక ఊరైతే వరద రోజుల్లో కాజ్‌వే మునిగి పడవ. వైద్యులు విమానంలో కూర్చున్న గంటలు లెక్కపెడతారు. మన మనిషి ఇంటి గడప దాటిన దగ్గర్నుంచి ఈ గడప తొక్కేదాకా కూర్చున్న గంటలు ఎవరు లెక్కపెట్టాలి? కాన్పు అయ్యాక తల్లినీ బిడ్డనూ ఇంటికి దింపే బండి ప్రభుత్వం దగ్గర ఉంది. విమానం దిగిన గర్భిణిని ఇంటికి చేర్చే బండి ఎందుకుండకూడదు?

మనం అడగాల్సినవి

గర్భం తెలిసిన వెంటనే, అడిగిన రెండు వారాలలోపు, పాస్‌పోర్టు, బకాయి జీతం, టిక్కెట్టు ఇచ్చి పంపడం యజమాని బాధ్యతగా ప్రతి పని ఒప్పందంలో రాయాలి. ఇవ్వకపోతే రాయబార కార్యాలయం సంక్షేమ నిధి నుంచి టిక్కెట్టు కొని, తర్వాత యజమాని నుంచి వసూలు చేసుకోవాలి.

ప్రయాణానికి కావలసిన డాక్టరు కాగితం రాయబార కార్యాలయం నియమించిన వైద్యుల ద్వారా ఉచితంగా, పెళ్ళి కాగితం అడగకుండా ఇప్పించాలి. ప్రయాణానికి చూడాల్సింది ఆమె ఆరోగ్యం. ఆమె పెళ్ళి విమానం బరువును ఏమీ పెంచదు.

గర్భాన్ని రోగాల జాబితాలోంచి తీసేయమని మన ప్రభుత్వం ఆ దేశాలతో మాట్లాడాలి. ఇంటి పనివాళ్ళ హక్కుల మీద 2011లో, ప్రసూతి రక్షణ మీద 2000లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన ఒడంబడికలు రెంటినీ మన దేశం ఇప్పటిదాకా ఆమోదించలేదు. మన ఇంట్లో పనిమనిషికి ఇవ్వనిది పక్క దేశాన్ని ఎలా అడుగుతామన్నది కూడా మనం ఎదుర్కోవాల్సిన ప్రశ్నే.

హైదరాబాదు, విజయవాడ, విశాఖ విమానాశ్రయాల్లో దిగే గర్భిణులకు సహాయ కేంద్రం, ఇల్లు చేరే బండి, జిల్లా ఆసుపత్రికి ముందు సమాచారం ఉండాలి.

ఇవి వచ్చేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. వెళ్ళబోయే ప్రతి స్త్రీకి మన సంఘంలో రెండు గంటలు కేటాయిద్దాం. పెళ్ళి నమోదు చేయించి నకలు చేతికిద్దాం. పాస్‌పోర్టు, వీసా, బీమా కాగితాల నకళ్ళు ఇంట్లో ఒకటి, సంఘంలో ఒకటి ఉంచుదాం. బీమాలో ప్రసూతి ఉందని చెబుదాం. అక్కడ బిడ్డ పుడితే ఏడాది లోపు రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలనీ, లేకపోతే బిడ్డ పౌరసత్వానికి చిక్కొస్తుందనీ చెబుదాం. చివరి నెలసరి మొదటి రోజు నుంచి వారాలు లెక్కపెట్టడం నేర్పుదాం. విమానంలో లేవాలనీ, నీళ్ళు తాగాలనీ, బెల్టు పొట్ట కింద పెట్టుకోవాలనీ చెబుదాం. తిరిగొచ్చిన వాళ్ళ కాలు చూద్దాం, రక్తం పరీక్ష చేయిద్దాం. తండ్రెవరని అడగొద్దు.

ఆమెను నేను మళ్ళీ కలిసినప్పుడు బిడ్డ ఒళ్ళో ఉంది. "మళ్ళీ వెళ్తావా?" అని అడిగాను. "అప్పు ఎవరు తీరుస్తారండీ?" అంది. అవును, వెళ్తుంది. వెళ్ళే హక్కు ఆమెది. కావలసినప్పుడు తిరిగి రాగలిగే హక్కు కూడా ఆమెదే కావాలి. కూతురి కోసం చలిమిడి పట్టుకుని ఏరు దాటి వచ్చే తల్లి, సముద్రం దాటలేదు. ఆ దూరం దాటాల్సింది సంఘమూ, చట్టమూ, ప్రభుత్వమూ. అదీ ఏడో నెల రాకముందే.